ఇండుప మొక్క కోసం కడియపులంక వెళితే

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను. నర్సరీ పేరు మాత్రం రాయను. యజమాని వద్దన్నాడు. "ఫోన్లు వస్తే ఎత్తడానికి మనిషి లేడండీ, వచ్చినోళ్లకి ఇస్తే చాలు" అన్నాడు. కడియపులంకలో హైవే దిగి కాలువ వైపు వెళ్తూ పాత చెట్లున్న తోట ఎక్కడని అడగండి, చూపిస్తారు. బోర్డు ఉంది కానీ దాని మీదికి బోగన్‌విల్లా పాకేసింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మురికినీళ్లు తేర్చే గింజ కాసే ఒక్క మొక్క కోసం ఇంత గొడవేంటని మీకు అనిపిస్తుంది. రామచంద్రపురం దగ్గర మంచినీళ్ల ఫిల్టర్ బెడ్డు మీద 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా రెండే రెండు సీజన్లు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తే చెరువులో నీళ్లు ఎన్నాళ్లు వస్తాయోనన్న టెన్షన్. జూలైలో ఎర్రనీళ్లు దిగాక పటిక ఎంత వెయ్యాలన్న టెన్షన్. వరద నీళ్లు గ్లాసులో పోస్తే అచ్చం టీలా ఉంటాయి. పటిక తక్కువైతే మురికి దిగదు. ఎక్కువైతే నీళ్లు పులుపెక్కి జనం తిడతారు. వరసగా గ్లాసు జాడీలు పెట్టి ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేసి చూసేవాణ్ని.

ఆ జాడీలు చూసినప్పుడల్లా మా మామ్మ గుర్తొచ్చేది. మా చిన్నప్పుడు ఇంట్లో కుళాయి లేదు. కాలువ నీళ్లు కావిడితో తెచ్చి వంటింటి గుమ్మం పక్కన రెండు మట్టిబానల్లో పోసేవాళ్లు. పొయ్యకముందు మామ్మ ఉత్త బానలోకి చెయ్యి పెట్టి, ఇండుపగింజతో లోపలి గోడ చుట్టూ గిర్రుగిర్రుమని రుద్దేది. కొందరు చిల్లగింజ అంటారే, అదే. చొక్కా బొత్తాం అంత ఉంటుంది, ఒకవైపు అరిగిపోయి ఉంటుంది. ఆ తరవాత నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి అడుగున బురద పేరుకుని పైన తేటనీళ్లు. ఆ బురద గుమ్మడిపాదుకు పోసేది. ఒక్కో గింజ నెలల తరబడి వచ్చేది. అది అరిగిపోయి చిన్న పలకైపోతే, సంతలో మన్యం నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఇంకో గుప్పెడు కొనేది.

రిటైరయ్యాక ఆ చెట్టు ఒకటి పెరట్లో ఉండాలని కోరిక పుట్టింది. కడియం నర్సరీల్లో దొరకనిది ఉండదంటారు కదా. మొదటిసారి హైవే పక్కన ఒక పెద్ద నర్సరీకి వెళ్లాను. ఏసీ ఆఫీసు, బ్యాటరీ బండి, గులాబీలతో ఏనుగు బొమ్మ. "ఇండుపా? ఉందండీ" అని అయిదు నిమిషాల్లో మొక్క తెచ్చి చేతిలో పెట్టారు. 350 రూపాయలు, బిల్లు కూడా ఇచ్చారు. మొక్కకి ప్లాస్టిక్ చీటీ, చీటీ మీద లాటిన్ పేరు. నాకు ఆ చీటీ చూసే నమ్మకం కుదిరింది. ఎనిమిది నెలలు నీళ్లు పోశాక, మా వీధిలో మేకలు తోలే ఆయన గోడ మీంచి చూసి, "ఇదేంటి బాబూ, ఇంట్లో ముషిణి పెట్టుకున్నారు!" అన్నాడు.

ముషిణి గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, ప్రాణాలు తీసే విషం. ఇండుపా ముషిణీ ఒక కుటుంబమే, ఒక ప్రజాతే, వరసకి అన్నదమ్ములు. ఒకటి నీళ్లు తేరుస్తుంది, ఇంకొకటి మనిషిని చంపుతుంది. ఇంట్లో మనవలు తిరుగుతారు. ఆ సాయంత్రమే మొక్కని పీకి తగలబెట్టాను. నర్సరీవాళ్లకి ఫోన్ చేస్తే "అలా అవ్వదండీ, చీటీ చూడండి" అన్నారు. చీటీ చూసే కదయ్యా కొన్నాను!

ఈసారి పెద్ద మనవడు కాకినాడ నుంచి వచ్చినప్పుడు వాడికి చెప్పాను. వాడు ట్యాబ్‌లో కాసేపు వెతికి ఒక పాత బొమ్మ తీశాడు. కొమ్మ, ఆకులు, పువ్వు, కాయ, కాయని అడ్డంగా కోస్తే లోపలి గింజ, అన్నీ చేత్తో రంగులేసి ఉన్నాయి. "తాతయ్యా, ఇది మన సామర్లకోట నుంచి వెళ్లిందట" అన్నాడు.

సామర్లకోటలో కొన్ని వందలసార్లు రైలు దిగాను. భీమేశ్వరస్వామి గుడి తెలుసు. అక్కడ 240 ఏళ్ల కిందట ఒక మొక్కల తోట ఉండేదని మాత్రం ఆ రోజే తెలిసింది. విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లాండ్ డాక్టరు. 1776లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట దండుకు వైద్యుడిగా వేశారట. వైద్యం సంగతేమో గానీ మనిషికి మొక్కల పిచ్చి. మిరియాలు, చెరుకు, నీలిమందు, కాఫీ, ఇలా చాలా వేసి చూశాడు. మన రాజమండ్రి సర్కారు రైతులు చెరుకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో చూసి వివరంగా రాసి పంపాడు. ఏళ్లపాటు రోజూ గాలి ఒత్తిడీ వేడీ కొలిచి లెక్క రాసుకున్నాడు. నేను రిజిస్టర్లు రాసినవాణ్ని కాబట్టి, అన్నిటికన్నా నాకు అదే గొప్పగా అనిపించింది. పై అధికారి అడగకపోయినా రోజూ అంకెలు రాయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

1787లో కోరింగ తీరాన్ని సముద్రం ముంచేసినప్పుడు ఆయన పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటినుంచి పోగుచేశాడు. తరవాత 1790ల మొదట్లో పెద్ద కరువు. ఆయన రాసినదాంట్లో చిట్టీత చెట్టు గురించి ఒక మాట ఉంది. ఆ పొట్టి ఈత మొదలు చీల్చి, లోపలి పిండి తీసి ఉడకబెట్టుకుని, కరువులో జనం ప్రాణాలు నిలబెట్టుకునేవారట. మా ఊళ్లో చిట్టీత అంటే ఆకులతో చాపలు అల్లడమే తెలుసు. ఆ పేజీ దగ్గర మనవడు కూడా కాసేపు మాట్లాడలేదు.

ఈ తోట వెనక ఇంకా కొందరున్నారు. రాక్స్‌బర్గ్‌కి ముందు జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అని ఒకాయన, చెట్లకి రెండు మాటల పేరు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. మద్రాసులో కంపెనీకి మొదటి ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మన కాకినాడ జగన్నాథపురంలో 1785లో విరేచనాలతో చనిపోయాడు. ఆఖర్న దగ్గరుండి చూసింది రాక్స్‌బర్గే. మీ ఇంట్లో కరివేపాకు చెట్టుందా? దాని లాటిన్ పేరు ముర్రాయ కోనిగీ. ఆ కోనిగీ ఈ కోనిగే. తిరగమోతలో రోజూ పడే ఆకు ఆయన పేరు మోస్తోందన్నమాట. ఆ ముక్క మా ఆవిడకి చెబితే, "పాపం, విరేచనాలకి కరివేపాకు మజ్జిగ ఇవ్వాల్సింది" అంది.

కోనిగ్ తరవాత ఆ ఉద్యోగం పాట్రిక్ రస్సెల్‌కి వచ్చింది, ఆయన విశాఖపట్నంలో ఉండేవాడు. మన పొలాల్లో రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్ వైపర్ అంటారు, అది ఈయన పేరే. మనవాళ్లు దాన్ని 'కటుక రేకుల పొడ' అంటారని ఆయన 1796లో వేసిన పాముల పుస్తకంలో రాసిపెట్టాడు. కోస్తా మొక్కల బొమ్మలు అచ్చెయ్యాలన్న ఆలోచనా ఆయనదేనంటారు. లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ అని పెద్దాయన పూనుకుని 1795 నుంచి అచ్చెయ్యడం మొదలుపెట్టాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 3 సంపుటాలు, 300 బొమ్మలు, అంతా అయ్యేసరికి పాతికేళ్లు. అందులో అయిదో బొమ్మ మన ఇండుప.

బొమ్మతోపాటు ఉన్న రాత మనవడు చదివి చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మెరుపు పూత లేని మట్టికుండ లోపల గోడకి గింజని ఒకటి రెండు నిమిషాలు గట్టిగా రుద్ది, తరవాత నీళ్లు పోస్తే, కాసేపటికి మురికంతా అడుక్కి దిగుతుందని రాశాడు. మామ్మ చేసింది అదే. ఇండుప లాటిన్ పేరు స్ట్రిక్నోస్ పొటాటోరమ్. అందులో 'పొటాటోరమ్' అంటే తాగేవాళ్లది అని అర్థమట. సారా తాగేవాళ్లు అనుకోకండి, నీళ్లే.

ఆ బొమ్మలు గీసింది ఎవరు? రాక్స్‌బర్గ్ జీతమిచ్చి పెట్టుకున్న మన మనుషులు. ఒక్క బొమ్మ కిందా వాళ్ల పేరు లేదు. మొక్కల తెలుగు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అవి చెప్పినవాళ్ల పేర్లూ లేవు. అలా వెళ్లిన తెలుగు పేర్లలో ఒకటి ఏకంగా లాటిన్ అయికూర్చుంది. సోమిద చెట్టు పేరు తరవాతివాళ్లు 'సోయ్మిడా' అని స్థిరం చేశారు. జ్వరానికి దాని బెరడు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ చాలా పట్టుబట్టాడట.

1793లో ఆయన్ని కలకత్తా తోటకి బదిలీ చేశారు. సామర్లకోట తోటని బెంజమిన్ హైనె చూశాడు. రాక్స్‌బర్గ్ మొత్తం గీయించిన బొమ్మలు 2,500కు పైనే. ఒక సెట్టు కలకత్తాలో, ఒక సెట్టు లండన్ దగ్గర క్యూ తోటలో ఉన్నాయి. ఆయన 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. ఇక్కడితో చరిత్ర ఆపుతాను, నర్సరీ సంగతికి వస్తాను.

ఆ అయిదో బొమ్మని రంగుల్లో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మండపేట మీదుగా జొన్నాడ దగ్గర హైవే ఎక్కి మళ్లీ కడియపులంక వెళ్లాను. పొద్దున్నే ఏడింటికి. నాలుగు నర్సరీల్లో చూపించాను. ఒకరు "ఇది జామా?" అన్నారు. ఇంకొకరు ఫోటో తీసుకుని వాట్సాప్‌లో పంపుతామన్నారు, ఇవాళ్టికీ పంపలేదు. అయిదోది ఈ తోట.

మూడెకరాలుంటుందేమో. ముందు భాగం అన్ని నర్సరీల్లాగే నల్లకవర్లు, మందారాలు, క్రోటన్లు, కొబ్బరి మొలకలు. వెనక్కి వెళ్తే వేరే లోకం. తల్లి చెట్లు. అంటు కట్టడానికి కొమ్మ, విత్తనానికి కాయ ఈ చెట్ల నుంచే తీస్తారు. కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, చెరుకురసం, సువర్ణరేఖ మామిళ్లు నాలుగు వరసలు. ఒక పనస. పుత్రజీవి. బిల్లుడు. మోదుగ. యజమాని తాతగారు మల్లె, కనకాంబరం నార్లు బుట్టలో పెట్టుకుని రాజమండ్రి రైళ్ల దగ్గర అమ్మేవాడట. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, మన్యం వెళ్లొచ్చినప్పుడల్లా ఒక గింజో పిలకో తెచ్చి వెనక పాతేవాడు. అమ్మకానికి కాదు. "మా తాతకదో జబ్బండీ" అని నవ్వాడు యజమాని. ఇప్పుడు ఆయనకీ యాభై దాటాయి.

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, షెడ్డులో అంటు కడుతున్న పెద్దావిణ్ని పిలిచాడు. "పిన్నీ, ఓసారి ఇటు రా." ఆవిడకి డెబ్భై దగ్గర ఉంటాయి. ఒడిలో మామిడి మొక్క, చేతిలో సన్నటి కత్తి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రిబ్బను. ఆ కొమ్మకి చుట్టు పూర్తయ్యేదాకా లేవలేదు. తరవాత చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ప్రింటుని వెలుగుకి పెట్టి చూసింది. చదువు లేదు. చదవాల్సింది ఆకులో ఉందని ఆవిడకి తెలుసు.

"ఆకు మొదట్లోంచే మూడు ఈనెలు లేచినియ్ చూడండి. ఎదురెదురు ఆకులు. ఇది ముషిణి గానీ ఇండుప గానీ అవ్వాలండి."

నాకు గుండె ఆగినంత పనైంది. ఏది ఎలా చెబుతావమ్మా అని అడిగాను.

"ముషిణాకుకి కాడుంటదండి. ఆకు కూడా పెద్దది, నూనె రాసినట్టు మెరుస్తది. దీనికి కాడే కనపడదు, కొమ్మకే అతుక్కున్నట్టు ఉంటది. కాయ నల్లగా రాశారు కదా. ముషిణి కాయైతే కమలాపండు రంగండి. ఇది ఇండుపేనండి, మన కాడుందిగా!"

వెనకాల గట్టు పక్కకి తీసుకెళ్లింది. రెండు నిలువుల చెట్టు, వంకర మొదలు, చూడ్డానికి ఏమంత అందంగా లేదు. కింద రాలిన ఎండుకాయ ఒకటి చిదిమి గింజ నా అరచేతిలో పెట్టింది. పైన సన్నటి నూగు, గుండ్రం. మామ్మ బొత్తామే. అరవై ఏళ్ల తరవాత పట్టుకున్నాను. కొత్త గింజ కాబట్టి ఇంకా అరగలేదు, అంతే తేడా.

ఆ చెట్టు కింద మొలిచినవి పదిహేను మొక్కలు కవర్లలో ఉన్నాయి. ఎవరూ అడగరట, అయినా ఏటా ఆవిడ నాలుగు గింజలు వేస్తుంది. మొక్క 180 రూపాయలు. రెండు తీసుకున్నాను. సోమిద ఉందా అని అడిగితే ఒక్కటే ఉందనీ, గింజ పట్టాక చెబుతాననీ అంది. ఆ పేరు లాటిన్ దాకా వెళ్లిన సంగతి చెప్పాను. "అయితే వాళ్లూ సోమిదనే అంటారా?" అని అడిగి మళ్లీ కత్తి తీసుకుంది.

ఇక నక్షత్రం ఎందుకు తగ్గించానో చెబుతాను. ఇక్కడ దేనికీ చీటీ లేదు. ఆవిడ ఉన్నంతసేపూ చీటీ అక్కర్లేదు. ఆవిడ రాని రోజు యజమాని కూడా రెండు మొక్కల దగ్గర తడబడ్డాడు, నా కళ్లతో చూశాను. "పిన్నిని అడిగి పేర్లు రాయించండి" అని మొహం మీదే చెప్పాను. "ఆయ్, రాయిస్తానండి" అన్నాడు. గోదావరి జిల్లాలో ఆయ్ అంటే పని అయినట్టు కాదని మీకూ తెలుసు. బిల్లు ఇవ్వరు. మొక్క ఇంటికి పంపరు. వెనకభాగం వానాకాలం మోకాలు లోతు బురద, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. కుండీల సందుల్లో చెయ్యి పెట్టకండి. రస్సెల్‌గారి పాము ఉంటుందని పనివాళ్లే చెప్పారు, వాళ్లు కర్రతో తట్టి గానీ కవరు ఎత్తరు. రెండు మొక్కల్లో ఒకటి నాటిన మూడు వారాలకి చచ్చిపోయింది. పీకి చూస్తే వేరు కవరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంది. చాలాకాలం ఒకే కవర్లో ఉంచేశారన్నమాట. అడగని మొక్కకి అదే గతి. మీరు కొంటే కవరు చింపాక అడుగు వేర్లు చూసి, చుట్టుకున్నవి విప్పి నాటండి. వెళ్లి చెబితే మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చారు. చీటీ ఉన్న నర్సరీ ఆ పని చెయ్యలేదు.

ఆవిడ ఇచ్చిన నాలుగు గింజలతో ఆగస్టు వరదలో పరీక్ష కూడా పెట్టాను. చేసిన ఉద్యోగం ఊరికే పోతుందా? కాలువలో ముంచిన ఎర్రనీళ్లు మూడు గాజు సీసాల్లో పోశాను. ఒకదానికి పటిక, ఒకదానికి రాయి మీద అరగదీసిన ఇండుప గంధం, మూడోదానికి ఏమీ లేదు. రెండూ చేసే పని ఒకటే. విడివిడిగా తేలే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, అందుకే దిగవు. ఈ గింజలో ఉండే జిగురులాంటి పదార్థాలు వాటిని ఒకదానికొకటి అతికించి ముద్దలు చేస్తాయి. బరువెక్కి అడుక్కి దిగుతాయి. పటిక సీసాలో అరగంటకే ముద్దలు కనిపించాయి. ఇండుప సీసా నెమ్మది, కానీ సాయంత్రానికి వెనక గోడ మీది క్యాలెండర్ తేదీ ఆ నీళ్లలోంచి చదవగలిగాను. మూడోది మర్నాటికీ టీలాగే ఉంది.

ఒక్క మాట. నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన తాగొద్దు. మురికి దిగుతుంది, క్రిములు చావవు. మా రోజుల్లో క్లోరిన్ ఎందుకు కలిపేవాళ్లం మరి? మామ్మ కూడా వానాకాలం నీళ్లు కాచే ఇచ్చేది.

ప్రింటు ఆవిడకే ఇచ్చేశాను. షెడ్డులో రిబ్బన్ల డబ్బా పైన మేకుకి తగిలించింది. మొన్న వెళ్తే దాని పక్కన ఎండిన ఇండుప రెమ్మ ఒకటి దారంతో కట్టి ఉంది, ఆకులు బొమ్మలో ఎటు తిరిగాయో అటే తిప్పి.

పాత మొక్క ఏదైనా కావాలంటే పొద్దున్నే ఏడు, పది మధ్య వెళ్లండి. ఆదివారం వద్దు, ఆవిడ రాదు. మందారాలు, గడ్డి, కుండీలు కావాలంటే ఇంత దూరం లోపలికి రానక్కర్లేదు, హైవే మీదే బోలెడు. చిల్లర పట్టుకెళ్లండి.